ఇంటికి కాగితపుకోత యంత్రము



కొంతకాలము క్రిందట నాచారమునుండి మాకొక జాబు వచ్చినది. వ్రాసినది ఒక గృహిణి. గృహప్రవేశములకు, సీమంతములకు, పిల్లల పుట్టినరోజులకు వచ్చినవారికి కానుకలు పెట్టి యిచ్చు చిన్నచిన్న కాగితపు పెట్టెలను ఆమె ఇంటిలోనే చేయుచుండును. కంప్యూటరు చెప్పినట్లు కాగితమును కోయు యంత్రములు ఇండ్లకు వచ్చినవట గదా, వాటిలో ఏది కొనవలెనని ఆమె ప్రశ్న. రెండు మూడు పేర్లు వ్రాసి పంపినచో సరిపోయెడిదే. కాని జాబు చివర ఇంకొక వాక్యమున్నది. యంత్రము కొనుటకై తన బంగారు గాజులు కుదువపెట్టవలెనని ఆమె తలచుచున్నది. ఆ వాక్యము చదివిన పిమ్మట పేర్లు వ్రాసి ఊరకుండుటకు మాకు మనసు రాలేదు. ఒక ఆదివారమునాడు మెట్రోరైలులో హబ్సిగూడ వద్ద దిగి నాచారము దారి పట్టితిమి.

ఆ యింటి ముందుగదిలో ఒక చాపమీద రంగురంగుల కార్డుషీట్లు, ఇనుపబద్ద, బ్లేడుకత్తి, జిగురుసీసా ఉన్నవి. కోడలు పనిచేయుచుండగా అత్తగారు మడతలు పెట్టుచున్నది. వచ్చిన పని చెప్పగానే అత్తగారు మా వైపు తిరిగి, "మీరే చెప్పుండ్రి, ఆ మిషిను మనకు అన్నం పెడ్తదా, మన అన్నం తింటదా?" అని అడిగినది. ఏ యంత్రము కొనుటకైనను ముందు అడుగవలసిన ప్రశ్న ఇదియే. నేటి మా ప్రసంగమంతయు ఆ ప్రశ్నకు జవాబు.

ముందుగా ఈ యంత్రమెట్టిదో తెలిసికొందము. పేరు కొత్తదే కాని పని కొత్తది కాదు. మోటారుబండ్ల పలకలపై అంకెలు, పేర్లు అంటించు రేడియం దుకాణములను మీరందరు చూచియే యుందురు. దుకాణదారు కంప్యూటరులో అక్షరములు కూర్చి మీట నొక్కగానే, ప్రక్కనున్న యంత్రము అంటుకాగితమును ముందుకును వెనుకకును లాగుచుండును. పైనున్న సన్నని కత్తిమొన అటునిటు కదలుచు అక్షరముల అంచులవెంట నడచును. మన ఇంటి యంత్రము దానికి చిన్నతమ్ముడు. కావున ఈ యంత్రమును చూడవలెనన్నచో ముందుగా పెద్ద దుకాణమునకు పోనక్కరలేదు. మీ వీధిచివరి రేడియం దుకాణము వద్ద పది నిమిషములు నిలువబడిన చాలును.

ఈ యంత్రముల వంశమునకు మూలము ప్లాటరు, అనగా పటములు గీయు యంత్రము. 1959లో అమెరికాలోని కాల్‌కాంప్ సంస్థ 565 అను డ్రమ్ము ప్లాటరును విడుదల చేసినది. అందు కాగితము ఒక దిక్కున తిరుగును. కలము దానికి అడ్డముగా కదలును. ఆ రెండు కదలికల కూడికచే ఏ వంపునైనను గీయవచ్చును. కలమును తీసి కత్తిని పెట్టినచో గీత కోతగా మారును. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణసంస్థ కలదు. పటముల పనిలో భూమిపైనున్న ఏ చోటునైనను రెండు అంకెలతో చెప్పవచ్చును. మన యంత్రము చేయు పనియు నదియే. అడ్డము ఎంత, నిలువు ఎంత అని లెక్కచూచుకొనుచు అది కాగితముపై నడచును. అందుచేతనే దానికి ఛాయాచిత్రము ఒక్కటి చాలదు. అంచులు గీతలుగా నున్న బొమ్మ కావలెను. చుక్కల సమూహమైన ఛాయాచిత్రమునందు ఎచ్చట కోయవలెనో యంత్రమునకు తెలియదు. ముందు దాని అంచులను గీతగా మార్చి యియ్యవలెను.

ఇందలి కత్తిమొన నడుమ లేక కొంచెము ప్రక్కకు జరిగియుండును. కార్యాలయములలోని కుర్చీచక్రము మనము త్రోసిన దిక్కునకు తనంతట తానే తిరుగును గదా, అట్లే ఈ మొనయు కోత నడచు దిక్కునకు తిరుగుచుండును. మొన మొద్దుబారినను, దానిలో కాగితపు నూగు చిక్కుకొనినను ఆ తిరుగుడు చెడును. అపుడు పూరేకుల కొసలు చిరిగిపోవును. యంత్రము చెడినదని చాలమంది భయపడుదురు. కాని తప్పు పలుమారు ఆ చిన్న మొనలోనే యుండును.

ఇక లెక్కకు వత్తము. ఒక ఇంటి గృహప్రవేశమునకు 200 పెట్టెలు కావలెననుకొందము. చేతితో కొలిచి, గీసి, కోయుటకు పెట్టెకు 9 నిమిషములు. మడిచి, అంటించి, పట్టీ కట్టుటకు 6 నిమిషములు. మొత్తము 15 నిమిషములు. 200 పెట్టెలకు 3,000 నిమిషములు, అనగా 50 గంటలు. యంత్రమున్నచో కాగితము పెట్టుటకును, కోసిన దానిని విడదీయుటకును మన చేతికి 1 నిమిషము పట్టును. యంత్రము 3 నిమిషములు తన పని తాను చేయుచుండగా మనము వెనుకటి పెట్టెను మడువవచ్చును. మడతగీతలు కూడ యంత్రమే వేయును గనుక మడచి అంటించుటకు 5 నిమిషములు చాలును. అపుడు పెట్టెకు 6 నిమిషములు, మొత్తము 20 గంటలు. మిగిలినవి 30 గంటలు.

గంటపనికి 60 రూపాయలు విలువకట్టినచో ఒక్క బేరమునకు యంత్రము మనకు మిగిల్చునది 1,800 రూపాయలు. యంత్రము ధర 30,000 రూపాయలనుకొనినచో అది తన ధరను తీర్చుకొనుటకు అట్టి బేరములు 17 రావలెను. ఏడాదికి నాలుగు బేరములు వచ్చు ఇంటికి నాలుగేండ్లు దాటును. నెలకు రెండు వచ్చు ఇంటికి తొమ్మిది నెలలు చాలును. మేము చెప్పిన అంకెలు ఉదాహరణకే. మీ అంకెలు మీరు వేసికొనుడు. కాని లెక్క వేయకుండ మాత్రము అంగడికి పోవలదు.

ఇందొక విషయము గమనింపవలెను. యంత్రము కోయును, మడువదు, అంటింపదు, బేరము తేదు. చేతిపనిలో కోత భాగమెంతయో అంతవరకే దానివలన లాభము. కోత తక్కువయై అతుకు ఎక్కువగానుండు పనులకు, ఉదాహరణకు చుట్టిన కాగితపు పట్టీలతో చేయు కమ్మలు, బొమ్మలు మొదలగువాటికి, ఈ యంత్రము చేయు సాయము స్వల్పము. ఒకే పెట్టె వేలకొలది కావలెనన్నచో దానికి వేరు మార్గమున్నది. ఉక్కుబద్దను పెట్టె ఆకారమున వంచి చెక్కలో బిగించి డై చేయింతురు. అచ్చువేయువారి వద్ద డై పంచింగు చేయించినచో ఒక్క నొక్కుతో పెట్టె తెగివచ్చును. శుభలేఖలకు పేరుపడిన చత్తాబజారులో విచారించినచో అట్టి పనివారి జాడ తెలియును. కావున పది పెట్టెలకు కత్తెర, వేయి పెట్టెలకు డై. నడుమనున్న పనికి, అందునను బేరము బేరమునకు బొమ్మ మారు పనికి, ఇంటి యంత్రము.

అట్టి పని మీకున్నదనుకొందము. ఇపుడు ఏది కొనవలెనను ప్రశ్న వచ్చును. మొదట చూడవలసినది వెడల్పు. క్రికట్ జాయ్ వంటి చిన్న యంత్రము నాలుగున్నర అంగుళముల వెడల్పు కోయును. చీటీలకు, చిన్న శుభాకాంక్ష పత్రములకు, సీసాలపై పేర్లకు అది సరిపోవును. సిల్హౌట్ పోర్ట్రెయిట్ 8 అంగుళములది. ఏ4 కాగితమునకు తగినది. క్రికట్ ఎక్స్‌ప్లోర్, క్రికట్ మేకర్, సిల్హౌట్ క్యామియో, బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్ అనునవి ఇంచుమించు 12 అంగుళములవి. క్యామియోలోనే 15, 24 అంగుళముల పెద్దవియు కలవు.

వెడల్పు పెరిగిన కొలది ధర పెరుగును. ఇంటిలో అది ఆక్రమించు చోటును పెరుగును. మీకెంత కావలెనో తెలిసికొనుటకు సులభోపాయమొకటి చెప్పెదము. మీరు చేయు పెట్టెను విప్పి నేలపై పరచి కొలువుడు. రెండున్నర అంగుళముల ఘనాకారపు పెట్టెను విప్పినచో నాలుగు ముఖములకు 10 అంగుళములు, అంటుపట్టీకి అరయంగుళము, మొత్తము పదిన్నర. ఎత్తు ఏడున్నర. అది ఏ4 కాగితములో ఇముడును. అదే పెట్టె మూడంగుళములదైనచో నాలుగు ముఖములే 12 అంగుళములగును. పట్టీకి చోటు మిగులదు. అపుడు నిడుపు చాపను పెట్టి పొడవునకు త్రిప్పి కోయవలెను, లేదా పెట్టెను రెండు ముక్కలుగా చేసి అతుకవలెను. అరయంగుళమే అయినను కాగితము కొలత, యంత్రము కొలత దానితో మారిపోవును.

మరియొక సంగతి. ఈ యంత్రములలో పెక్కు అమెరికాలోని అలవాటు ననుసరించి 12 అంగుళముల చతురస్రపు కాగితమునకు ఏర్పడినవి. మనకు అంగడిలో సులభముగా దొరకునవి ఏ4, ఏ3 కాగితములు, పెద్ద చార్టులు. కావున మన కాగితము మన యంత్రముపై ఎట్లు కూర్చుండునో ముందే చూచుకొనినచో ముక్కలు వృథాకావు.

రెండవది బలము. క్రికట్ ఎక్స్‌ప్లోర్ కత్తి ఇంచుమించు 400 గ్రాముల ఒత్తిడితో కోయును. మేకర్ దానికి పదిరెట్లు, అనగా 4 కిలోల వరకు ఒత్తును. పదిరెట్లన్న మాట వినగానే మనసు అటు లాగును. కాని అంత బలము కావలసినది దళసరి అట్టకు, పలుచని చెక్కరేకునకు, తోలునకు. కార్యాలయములలో వాడు కాగితము 70, 80 జీఎస్ఎం. జీఎస్ఎం అనగా ఒక చదరపు మీటరు కాగితము తూగు గ్రాముల లెక్క. పెట్టెలకు వాడు కార్డుషీటు 200 మొదలు 300 జీఎస్ఎం వరకు ఉండును. అంతమాత్రపు పనిని నడుమతరగతి యంత్రమే చక్కగా చేయగలదు. కాగితపు పనికై తోలును కోయు బలమును కొనుట, కూరగాయలు తరుగుటకు గొడ్డలి కొనుట వంటిది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, యంత్రమునకు ఆజ్ఞలిచ్చు సాఫ్ట్‌వేరు. కత్తెర కొన్నవాడు కత్తెరకు యజమాని. ఈ యంత్రము కొన్నవాడు ఎంతవరకు యజమాని? ఇది ఆలోచింపవలసిన ప్రశ్న. 2006లో క్రికట్ యంత్రము మొదట వచ్చినపుడు బొమ్మలన్నియు కార్ట్రిడ్జీలలో నుండెడివి. ఒక్కొక్క కార్ట్రిడ్జీ విడిగా కొనవలెను. తరువాత కంప్యూటరు ద్వారా నడుపుటకు క్రాఫ్ట్‌రూమ్ అను సాఫ్ట్‌వేరు ఇచ్చిరి. 2018లో దానిని మూసివేసిరి. అంతటితో ఆ పాత యంత్రములవారు మరల కార్ట్రిడ్జీలకే పరిమితులైరి. 2021 మార్చిలో అదే సంస్థ, నెలనెల చందా కట్టనివారు తమ సొంత బొమ్మలను నెలకు 20 కంటె మించి యంత్రమునకు ఎక్కింపరాదని ఒక నియమము ప్రకటించెను. కొన్నవారందరు గట్టిగా ప్రతిఘటింపగా కొద్దిదినములలోనే ఆ నియమమును విరమించుకొనెను.

ఒక సంస్థను దూషించుటకు మేము దీనిని చెప్పలేదు. ఆ యంత్రములు మంచి పనితనము గలవే, నేర్చుకొనుటకు సులభమైనవే. కాని మన ఇంటిలోనున్న యంత్రపు నడక మరొక దేశములోని కార్యాలయపు నిర్ణయముపై ఆధారపడవచ్చునని ఆ రెండు సంఘటనలు మనకు నేర్పినవి. కావున కొనుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు. ఇంటర్నెట్టు లేనపుడు ఇది పనిచేయునా? నా సొంత బొమ్మను రుసుము లేకుండ ఎక్కింపవచ్చునా? నేను చందా మానినచో ఏయే పనులు ఆగిపోవును? సిల్హౌట్ వారి సాఫ్ట్‌వేరు కంప్యూటరులోనే యుండి ఇంటర్నెట్టు లేకున్నను నడచును. అయితే ఎస్వీజీ అను రకపు బొమ్మలను తెరచుటకు దాని ఉచితరూపము చాలదు, మెట్టు పెంచుకొని సొమ్ము కట్టవలెను. బ్రదర్ వారి స్కాన్‌ఎన్‌కట్‌లో స్కానరు యంత్రములోనే కలదు. తెల్లకాగితముపై నల్లసిరాతో ముగ్గు గీసి లోనికి పంపినచో అది చూచి కోయును. కంప్యూటరు లేకున్నను పని జరుగును. చేతితో బొమ్మ గీయగలవారికి, కంప్యూటరన్న జంకువారికి ఇది మిక్కిలి అనుకూలము. ధర మాత్రము ఎక్కువ.

ఇక మన తెలుగువారికి ప్రత్యేకముగా నున్న చిక్కొకటి. ఈ యంత్రములతో వచ్చు అక్షరములలో తెలుగు చాలవరకు ఉండదు. తెలుగు కూర్చినను కొన్ని సాఫ్ట్‌వేరులలో ఒత్తులు, గుణింతములు చెదరిపోవును. దీనికి ఉపాయము కలదు. ఇంక్‌స్కేప్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో తెలుగు కూర్చి, అక్షరములను గీతలుగా మార్చి, అటు పిమ్మట యంత్రమునకు పంపవలెను. సిలికానాంధ్రవారు ఉచితముగా అందజేసిన రామభద్ర వంటి లావు అక్షరములు కోతకు బాగుండును. సన్నని అక్షరములు జిగురు చాపపైనుండి తీయునపుడు తెగిపోవును.

అయినను చిక్కు తీరదు. 'స్వాగతం' అను మాటను కోయించి చూడుడు. క్రిందనున్న వకారపు ఒత్తు విడిగా ఊడివచ్చును. సున్న వేరొక ఉంగరముగా చేతికి వచ్చును. అక్షరములన్నియు ఒక్కటిగా నిలువవలెనన్నచో ఒత్తును పైయక్షరమునకు, సున్నను ప్రక్కయక్షరమునకు తగిలించి కలుపవలెను, లేదా మాట క్రింద ఒక పట్టీ గీసి అన్నిటిని దానిపై నిలుపవలెను. అక్షరము బయట మిగిలి లోపలి భాగము తెగిపోవు జాలీకోతలో దీనికి వ్యతిరేకము జరుగును. సున్న నడిమి బిళ్ల రాలిపోవును. అది నిలువవలెనన్నచో సన్నని వంతెనలు విడిచిపెట్టవలెను.

ఈ వంతెనల విద్య మనవారికి కొత్తది కాదు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరము ప్రాంతములోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారు మేకతోలుపై చిన్న ఉలులతో వేలకొలది రంధ్రములు పొడుతురు. నగల వరుస, చీర అంచు, కిరీటపు చెక్కడము అన్నియు ఆ రంధ్రములనుండి వచ్చు వెలుగులోనే కనబడును. రంధ్రమునకు రంధ్రమునకు నడుమ ఎంత తోలు విడువవలెనో వారి చేతికి తెలియును. తక్కువ విడిచినచో బొమ్మ చినుగును. ఎక్కువ విడిచినచో వెలుగు రాదు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఆ ఎరుక ఏ సాఫ్ట్‌వేరుతోను రాదు. చేతితో కొంతకాలము కోసినవారికే అది కలుగును. అందుచేతనే ముందు బ్లేడుకత్తితో ఆరు నెలలు పనిచేసి, తరువాత యంత్రము కొనుడని మా సలహా.

ఇక వెనుకనుండి వచ్చు ఖర్చులు. యంత్రపు ధర ఒక్కమారు ఇచ్చునది; చాప, కత్తిమొన, కాగితము మాటిమాటికి కొనునవి. కాగితమును పట్టియుంచుటకు జిగురు పూసిన చాప కావలెను. దానిపై దుమ్ము, కాగితపు నూగు పడినకొలది పట్టు తగ్గును. పారిశ్రామికవాడకు చేరువనున్న ఇండ్లలో దుమ్ము మనము పిలువకయే వచ్చును. పని కాగానే చాపపైనున్న పలుచని ప్లాస్టికు మూతను మరల కప్పవలెను. యంత్రముపై ఒక పాత గుడ్డను వేయవలెను. పలుచని కాగితమునకు తక్కువ జిగురు చాప, కార్డుషీటునకు ఎక్కువ పట్టు గలది వాడవలెను. పట్టు ఎక్కువైనచో పలుచని కాగితము చాపకు అంటుకొని చినుగును. చాపనుండి కాగితమును లాగవలదు. కాగితమును బల్లపై బోర్లించి చాపను వెనుకకు వంచి తీసినచో ముడుతపడదు.

మెరుపుపొడి అద్దిన కాగితము మొనను త్వరగా మొద్దుబార్చును. దానికొక మొన, సాధారణ కాగితమునకొక మొన వేరుగా ఉంచుకొనుడు. చేతితో చేసిన నారకాగితము అందముగా నుండును కాని దాని పీచు మొనకు చిక్కుకొనును. కొత్త మొనతో, తక్కువ వేగముతో, అవసరమైనచో రెండుమారులు కోయింపవలెను. వానకాలమున కాగితము చెమ్మపీల్చి వంగును గనుక ప్లాస్టికు సంచిలో మూసియుంచుడు. కోత నడుమ విద్యుత్తు పోయినచో ఆ కాగితము సాధారణముగా వృథా. మరల అదే గీతపై యంత్రమును నిలుపుట కష్టము. ఇన్వర్టరున్న ఇండ్లలో యంత్రమును దానికి కలుపుట మేలు.

విదేశములలోనున్న పిల్లలు వచ్చునపుడు యంత్రమును తెప్పించుకొనవచ్చునని పలువురు తలంతురు. తప్పులేదు. కాని మన విద్యుత్తు 230 వోల్టులది. యంత్రపు అడాప్టరుపై 100 నుండి 240 వరకు అని వ్రాసియున్నదో లేదో మొదట చూడవలెను. అచ్చటి హామీపత్రము ఇచ్చట చెల్లునా అని వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను. అంతకంటె ముఖ్యముగా, ఆ యంత్రమునకు తగిన చాపలు, మొనలు హైదరాబాదులో దొరకునా అని విచారింపవలెను. మొన దొరకని యంత్రము సూది లేని కుట్టుమిషను.

కొనుటకు ముందు చేయవలసిన పరీక్షను ఇపుడు ఒక్కచోట చెప్పెదము. మీరు వాడు కాగితమునే రెండు షీట్లు వెంట తీసికొనిపొండు. దుకాణదారు ఇచ్చు కాగితముపై ఏ యంత్రమైనను చక్కగానే కోయును. ఒక అంగుళపు తామరపూవు, ఒక తెలుగు మాట, మీ పెట్టె నమూనా, ఈ మూడును కోయించుడు. పూరేకు కొసలు చినుగలేదా, వృత్తము మొదలును తుదియు సరిగా కలిసినవా, మడతగీత కాగితమును తెంపక వంచుచున్నదా అని చూడుడు. తరువాత ఇంటర్నెట్టు ఆపించి మరల ఒక్కమారు కోయించుడు. చివరకు, ఏడాదికి కావలసిన చాపలు, మొనలు ఎంతయగునో యంత్రపు ధర ప్రక్కనే వ్రాసికొనుడు. ఈ పరీక్షకు ఒప్పుకొనని దుకాణమునుండి నమస్కారము చేసి వచ్చివేయుడు.

నాచారపు ఇంటికి మరల వత్తము. ఈ లెక్కలన్నియు ఆ అత్తాకోడండ్ర నడుమ చాపపై కూర్చుండి వేసితిమి. ఆమెకు అంతకుముందు ఏడాదిలో వచ్చిన పెద్ద బేరములు అయిదు. ఆ లెక్కన యంత్రము తన ధర తీర్చుకొనుటకు మూడేండ్లు దాటును. కుదువపెట్టిన గాజులకు వడ్డీ మాత్రము మొదటి నెలనుండియే నడచును. అత్తగారు ఏమియు అనలేదు. కోడలు కొంతసేపు కాగితమువైపు చూచి, "అయితే నేను చేసేది పనికిరాదా?" అని అడిగినది. ఆ మాట మాకు గుచ్చుకొనినది. ఆమె అడిగినది యంత్రమును గురించి కాదు. ఇంటిపని ముగిసిన పిమ్మట రాత్రి పదకొండు గంటలవరకు తాను చేయుచున్న శ్రమకు విలువ కలదా అని.

విలువ కలదు. ఆ విలువను తెలిసికొనుటకే లెక్క; దానిని తగ్గించుటకు కాదు. ఆమె పెట్టెకు ధర చెప్పునపుడు కాగితము, జిగురు, పట్టీ మాత్రమే లెక్కించుచుండెను. తన గంటలను లెక్కించుట లేదు. తన గంటకు తానే ధర కట్టనపుడు ఏ యంత్రమును ఆ గంటలను మిగిల్చి ఆమెకు సొమ్ము చేయజాలదు. ముందు ఆ గంటలను ధరలో చేర్చుడని చెప్పితిమి. పెద్ద బేరము వచ్చినపుడు నమూనాను రేడియం దుకాణము వద్దకు తీసికొనిపోయి, షీటుకింతయని కూలి యిచ్చి కోయించుడని చెప్పితిమి. కార్డుషీటు కోయుటకు ఆ దుకాణములన్నియు ఒప్పుకొనవు. మూడు చోట్ల అడిగినచో ఒకచోట ఒప్పుకొందురు. ఆ కూలిని, బేరములను, చెడిపోయిన షీట్లను ఒక నోటుపుస్తకములో వ్రాయుచుండుడని చెప్పి సెలవు తీసికొంటిమి.

పదునాలుగు నెలల తరువాత ఆమెనుండి రెండవ జాబు వచ్చినది. దానితోపాటు ఎఱ్ఱని కార్డుషీటుతో చేసిన చిన్నపెట్టె యొకటి, మూతపై తెలుగులో కోసిన 'శుభం' అను మాటతో. సున్న భకారమునకు చక్కగా తగిలియున్నది. బేరములు నెలకొకటి అయినవట. దుకాణమునకు ఇచ్చుచున్న కూలి యంత్రపు వాయిదాకు సమీపించినదని పుస్తకము చూపగా, మిగిల్చిన సొమ్ముతో 12 అంగుళముల నడుమతరగతి యంత్రమును కొన్నదట. ఏ సంస్థదో ఆమె వ్రాయలేదు, మేమును అడుగలేదు. గాజులు చేతికే యున్నవని మాత్రము వ్రాసినది. మడతలు ఇప్పటికిని అత్తగారే పెట్టుచున్నదట.

శ్రోతలారా, ఏ యంత్రము మేలని అడుగుటకు ముందు ఒక నోటుపుస్తకము కొనుడు. ఆరు నెలలు మీ పనిని, మీ గంటలను దానిలో వ్రాయుడు. యంత్రము మీకు అన్నము పెట్టునో, మీ అన్నము తినునో ఆ పుస్తకమే చెప్పును.